నీటిలో దాగిన త్రాసు

 

దివ్యఖుర్ఆన్‌ను శ్రద్ధగా చదివే వారికి ఒక విషయం ఇట్టే అర్థమవుతుంది. ఆకాశం, భూమి, వర్షం, గాలి వంటి మహా సూచనల వరుసలో అల్లాహ్ పదే పదే పేర్కొన్న వస్తువు ఒకటుంది. అది ఓడ. అల్ బఖరా సూరాలో రేయింబవళ్ళ మార్పు పక్కనే, జనులకు ప్రయోజనకరమైన సరుకులతో సముద్రంలో సాగిపోయే ఓడ ప్రస్తావన ఉంది. అష్షూరా, అర్రహ్మాన్ సూరాలలో ఓడలు పర్వతాలతో పోల్చబడ్డాయి. యాసీన్ సూరాలో నిండు ఓడలో మానవ సంతతిని మోసిన వైనం జ్ఞాపకం చేయబడింది. నూహ్ (అలై) ఎక్కిన ఓడను అల్ ఖమర్ సూరా ఎంతో సాదాగా, పలకలూ మేకులూ కలిసిన ఒక వస్తువుగా వర్ణిస్తుంది. మూసా (అలై) తల్లి పసిబిడ్డను పెట్టెలో పడుకోబెట్టి నదిలో వదిలినప్పుడు కూడా ఆ నీరే ఆ పెట్టెను మోసింది.

ఆలోచించండి. చేతిలోని ఇనుప మేకు నీటిలో పడితే క్షణంలో అడుగుకు చేరుతుంది. వేల టన్నుల ఇనుముతో కట్టిన ఓడ మాత్రం తేలుతుంది. మన పిల్లవాడు బడి నుంచి వచ్చి దీనికి కారణం అడిగితే, “అంతా అల్లాహ్ మహిమ నాయనా” అని ఊరుకుంటాం. ఆ జవాబు సత్యమే. కాని సగమే. అల్లాహ్ తన మహిమను ఏ నియమం ద్వారా నడుపుతున్నాడో చూడమని, యోచించమని ఖుర్ఆనే మనల్ని పురికొల్పుతోంది కదా! రెండో సగం కూడా పిల్లవాడికి చెప్పవలసిన బాధ్యత మనదే.

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. బకెట్ నిండా నీళ్ళు పోసి, దానిపై ఖాళీ స్టీలు గిన్నె పెట్టండి. తేలుతుంది. ఇప్పుడు అరచేత్తో దాన్ని మెల్లగా లోపలికి నొక్కండి. కింది నుంచి ఎవరో పైకి తోస్తున్నట్లు చేతికి తెలుస్తుంది. బకెట్ అంచు నుంచి నీళ్ళు పొర్లుతాయి. ఎంత లోతుకు నొక్కితే అంత ఎక్కువ నీరు పొర్లుతుంది, తోపు కూడా అంత పెరుగుతుంది. నీటిలో లోతు పెరిగే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. అందువల్ల మునిగిన వస్తువును పైనుంచి నొక్కే నీటి కంటే కింది నుంచి ఎత్తే నీటి బలం ఎక్కువ. ఈ ఎత్తే బలాన్నే పాఠ్యపుస్తకాలు ఉత్ప్లవన బలం అంటున్నాయి. అది ఎంత ఉంటుంది? వస్తువు పక్కకు తోసిన నీరు ఎంత బరువు ఉంటుందో సరిగ్గా అంత. ఒక గింజెత్తు ఎక్కువ కాదు, ఒక గింజెత్తు తక్కువ కాదు.

లెక్క చూద్దాం. కిలో ఇనుప ముద్ద దాదాపు 127 మిల్లీలీటర్ల నీటిని మాత్రమే తోయగలదు. అంటే నీరు దానికి 127 గ్రాముల ఆసరా ఇస్తుంది. మిగతా 873 గ్రాములను మోసేవారు లేరు కనుక మునుగుతుంది. అదే కిలో ఇనుమును పలుచగా సాగగొట్టి, మూడు లీటర్లు పట్టే గిన్నెగా చేయండి. నీటిలో పెట్టగానే అది దిగుతుంది. దిగుతూ దిగుతూ సరిగ్గా ఒక లీటరు నీటిని తోసిన చోట ఆగిపోతుంది. ఒక లీటరు నీటి బరువు ఒక కిలో. ఇటు కిలో, అటు కిలో. త్రాసు సరితూగింది. ఇనుము మారలేదు, నీరు మారలేదు. మారింది ఆకారం, దాని వల్ల తోయబడిన నీటి పరిమాణం. ఓడ రహస్యమంతా ఇంతే.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. కొందరు వక్తలు ఉత్సాహం కొద్దీ, ఈ సూత్రాన్ని లోకానికి మొట్టమొదట ఖుర్ఆనే వెల్లడించిందని సభల్లో చెబుతుంటారు. ఆ వాదన మనకు సమ్మతం కాదు. సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ నగరవాసి ఆర్కిమెడిస్ క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలోనే దీనిపై గ్రంథం రాశాడు. ఖుర్ఆన్ అవతరణకు ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ముందు సంగతి అది. నిజం కాని గొప్పను అంటగట్టడం అల్లాహ్ గ్రంథానికి సేవ కాదు. ఖుర్ఆన్ ఓడను ‘ఆయత్’ అన్నది, అంటే సూచన అన్నది. సూచనను చూసి, దాన్ని నెలకొల్పిన వాడిని గుర్తించమన్నది. సూత్రాన్ని వెదికి తీసే పనిని మన బుద్ధికి వదిలింది. ఆ సూత్రం ఒక అవిశ్వాసికి దొరికినా అది అల్లాహ్ నియమమే.

మీజాన్

అర్రహ్మాన్ సూరా ఆరంభంలో అల్లాహ్ ఆకాశాన్ని ఎత్తి నిలిపిన సంగతి చెప్పి, ఆ వెంటనే త్రాసును నెలకొల్పిన సంగతి చెప్పాడు. తూకంలో హద్దు మీరవద్దని, న్యాయంగా తూచాలని, తగ్గించి ఇవ్వవద్దని ఆదేశించాడు. వ్యాఖ్యాతలు ఇక్కడ ‘మీజాన్’ అనే పదానికి రెండు అర్థాలూ చెప్పారు. సృష్టి అంతటా ఉన్న సమతూకం ఒకటి, బజారులో మన చేతిలో ఉండే త్రాసు రెండోది. అల్ హదీద్ సూరాలో ఒకే ఆయతులో గ్రంథం, త్రాసు, ఇనుము మూడింటి ప్రస్తావన ఉంది. ప్రవక్తలతో గ్రంథమూ త్రాసూ పంపబడింది మనుషులు న్యాయంపై నిలబడటానికేనని అక్కడే తెలుపబడింది.

నీటి విషయంలో ఈ రెండు అర్థాలూ ఒక్కచోట కలిశాయి. ఓడను మోసే నియమమే బంగారంలోని కల్తీని బయటపెడుతుంది. ఆర్కిమెడిస్‌ను సిరక్యూస్ రాజు హీరో తన కిరీటం గురించి అడిగిన కథ చాలామంది పిల్లల పుస్తకాల్లో చదివే ఉంటారు. కంసాలికి ఇచ్చిన బంగారమంతా కిరీటంలో ఉందా, లేక వెండి కలిసిందా? బరువు సరిపోయింది. కాని బరువు ఒక్కటే సాక్ష్యం కాదు. వెండి బంగారం కంటే తేలిక లోహం. అంతే బరువు తూగాలంటే అది ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఎక్కువ నీటిని తోస్తుంది. స్నానాల తొట్టి నుంచి వీధిలోకి పరుగెత్తాడన్న ముచ్చట ఎంతవరకు నిజమో గాని, సూత్రం మాత్రం నిజం.

ఈ విద్యను మన పూర్వీకులు గ్రీకుల నుంచి అందుకుని, దుమ్ము దులిపి, ఎంతో ముందుకు తీసుకువెళ్ళారు. 973లో జన్మించిన అల్ బీరూనీ శంఖువు ఆకారంలో ఒక పాత్ర చేయించి, దాన్ని అంచుదాకా నీటితో నింపి, లోహాన్నో రత్నాన్నో అందులో వేసి, గొట్టం గుండా పొర్లిన నీటిని తూచాడు. అలా బంగారం, వెండి, పాదరసం, పచ్చ, ముత్యం వంటి వాటి సాంద్రతలను లెక్కగట్టాడు. ఆయన లెక్కలు నేటి కొలతలకు చాలా దగ్గరగా ఉన్నాయి.

ఆ తర్వాతి తరంలో జరిగిన సంఘటన ఒకటి మన మనస్సును కలచివేస్తుంది. సల్జూక్ పాలకుల కాలంలో అబూ హాతిం అల్ ముజఫ్ఫర్ అల్ ఇస్ఫిజారీ అనే పండితుడు ఉండేవాడు. ఉమర్ ఖయ్యాం సమకాలికుడు. ఆయన ఎంతో శ్రమించి నీటిలో తూచే త్రాసు ఒకటి తయారు చేశాడు. బంగారంలో కల్తీ ఎంతో అది చెబుతుంది. దాన్ని సుల్తాను ఖజానాకు ఇచ్చారు. ఖజానా కోశాధికారికి భయం పట్టుకుంది. త్రాసు పని మొదలుపెడితే తన దొంగతనం బయటపడుతుంది. అతడు ఆ త్రాసును విరగ్గొట్టి ముక్కలు చేశాడు. ఆ వార్త విని ఇస్ఫిజారీ మంచం పట్టాడు, ఆ దుఃఖంతోనే కన్నుమూశాడు. ఆ కాలపు చరిత్రకారుడు జహీరుద్దీన్ అల్ బైహఖీ ఈ వృత్తాంతం నమోదు చేశాడు.

ఆ కోశాధికారి ఎవరికీ తెలియని వాడేమీ కాదు, ఇతర దేశపు శత్రువూ కాదు. అమానత్ అప్పగించబడిన మనిషి. మస్జిద్‌లో మన పక్కన సఫ్‌లో నిలబడే మనిషి లాంటివాడే అయి ఉండవచ్చు. అతడు త్రాసును విరిచాడు గాని నీటి గుణాన్ని విరవగలిగాడా? కల్తీ నాణేన్ని ఆ రోజు నీటిలో వేసినా అది ఎక్కువ నీటినే తోసేది.

కథ అక్కడితో ఆగలేదు. మర్వ్ నగరంలో, అంటే నేటి తుర్క్‌మెనిస్తాన్‌లో, అబ్దుర్రహ్మాన్ అల్ ఖాజినీ అనే మరో పండితుడు అదే పనిని మళ్ళీ చేపట్టాడు. ఈయన గ్రీకు జాతికి చెందిన బానిస. యజమాని ఆయనకు చదువు చెప్పించాడు. హిజ్రీ 515లో, అంటే 1121 ప్రాంతంలో, ఆయన సుల్తాన్ సంజర్ ఖజానా కోసం ‘మీజానుల్ హిక్మా’ అనే త్రాసును నిర్మించి, అదే పేరుతో గ్రంథం రాశాడు. ఆ పేరుకు వివేకపు త్రాసు అని అర్థం. దానికి ఐదు పళ్ళేలు. ఒకటి నీటిలో మునిగి ఉంటుంది. వెయ్యి మిస్ఖాళ్ళ బరువులో ఒక గింజెత్తు తేడా వచ్చినా తన త్రాసు పట్టుకుంటుందని ఆయన చెప్పుకున్నాడు. నీటిలాగే గాలి కూడా వస్తువులను కొంత పైకి ఎత్తుతుందని కూడా ఆయన గ్రహించాడు.

మనల్ని మరీ ఆకట్టుకునేది ఖాజినీ జీవన విధానం. ఒక అమీరు భార్య వెయ్యి దీనార్లు కానుక పంపితే తిరిగి పంపేశాడట. ఏడాదికి మూడు దీనార్లతో సరిపెట్టుకునేవాడట. రాజు ఖజానాను తూచే సాధనం తయారు చేసిన చెయ్యి ఖజానా సొమ్ముకు ఆశపడలేదు.

తెలుగు పాఠకులకు ఈ గ్రంథంతో ఒక బంధం ఉంది. మీజానుల్ హిక్మా అరబీ మూలాన్ని 1940 ప్రాంతంలో, హిజ్రీ 1359లో, హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ ముద్రించింది. రత్నాలు, లోహాల గురించి అల్ బీరూనీ రాసిన గ్రంథాన్ని కూడా అదే సంస్థ అంతకు కొద్ది ఏళ్ళ ముందు అచ్చువేసింది. ప్రపంచ పండితులు పరిశోధనలలో ఉదహరించే ప్రతులు మన హైదరాబాద్‌లో అచ్చయినవే. మన ఇళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసు? చార్మినార్ దగ్గర గాజుల ధర తెలిసినంతగా తెలియదు.

తులం బంగారం దగ్గర

ఈ త్రాసు మన ఇంటికి ఎలా సంబంధించింది? ఆడపిల్ల పెళ్ళి అనగానే పది తులాలో, ఇరవై తులాలో మాట వస్తుంది. అది ఎంతవరకు ధర్మసమ్మతమన్నది వేరే చర్చ, అది మరోసారి. కొన్నదాని సంగతి చూద్దాం. నేడు దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములుగానే లెక్కిస్తున్నారు. 100 గ్రాముల మేలిమి బంగారాన్ని దారంతో కట్టి నీటిలో వేలాడదీసి తూస్తే సుమారు 94.8 గ్రాములు తూగుతుంది. అందులో 20 గ్రాములు రాగి కలిసి ఉంటే 93.6 గ్రాములే తూగుతుంది. గాలిలో రెండూ 100 గ్రాములే. నీటిలో మాత్రం ఒక గ్రాముకు పైగా తేడా. కంటికి కనిపించని మోసం నీటిలో కనిపించింది.

అయితే మనిషి తెలివి మోసంలో కూడా ఆగదు. టంగ్‌స్టన్ అనే లోహం ఉంది. దాని సాంద్రత దాదాపు బంగారమంత ఉంటుంది. బంగారు బిస్కట్ల లోపల టంగ్‌స్టన్ దాచితే నీటి పరీక్ష దాదాపు ఏమీ చెప్పలేదు. గీటురాయి కూడా పైపొరనే చెబుతుంది. ప్రతి సాధనానికీ ఒక హద్దు ఉంది. అందువల్ల హాల్‌మార్క్ కేంద్రాలలో ఎక్స్‌రే కిరణాలతోనూ, నగ నుంచి కొంత ముక్క తీసి నిప్పులో కరిగించీ పరీక్షిస్తారు. మన దేశంలో 2021 జూన్ 23 నుంచి తొలుత 256 జిల్లాలలో హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ సంఖ్య లేని హాల్‌మార్క్ నగలను దుకాణదారులు అమ్మరాదని నియమం వచ్చింది. కొనేటప్పుడు ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. 22 క్యారెట్ నగపై 916 అని ఉంటుంది.

ఇది కేవలం కొనుగోలుదారు లాభనష్టాల విషయం కాదు. జకాత్ విధి కావడానికి బంగారం నిసాబ్ ఏడున్నర తులాలు. ఇక్కడ తులం అంటే పాత తులమే. మొత్తం సుమారు 87.48 గ్రాములని మన దేశ ఉలమాలు లెక్కిస్తున్నారు. జకాత్ లెక్కలో బరువుతో పాటు స్వచ్ఛత కూడా వస్తుంది. నగలో కల్తీ ఎంత ఉంటే ఏం చేయాలో దగ్గరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. ఏటా బీదవాడి హక్కు తీసే ఇంట్లో, చేతి గాజు ఎన్ని క్యారెట్లో తెలియకపోవడం ఏమి పద్ధతి?

నగల వ్యాపారం చేసే మన సోదరులు ఎందరో ఉన్నారు. కంసాలి పనిలో నిపుణులైన వారున్నారు. వారితో ఒక మాట. తరుగు పేరుతో ఎంత తీసుకుంటున్నారు, రాళ్ళ బరువును బంగారం బరువులో కలుపుతున్నారా లేదా అన్నది బేరానికి వచ్చిన అమ్మకు తెలియకపోవచ్చు. ముతఫ్ఫిఫీన్ సూరా ఎవరి గురించి అవతరించిందో మీకు తెలుసు. తమకు రావలసింది నిండుగా పుచ్చుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించే వారి గురించి. షుఐబ్ (అలై) జాతి వినాశనానికి దారితీసిన నేరాలలో ఇదొకటి. అందులో ఇంకొకరి సొమ్ము కొంచెమే పోతుందని మనం అనుకుంటాం. ప్రళయదినాన నిలిపే త్రాసులో ఆవగింజంత కర్మ కూడా వదలకుండా తేబడుతుందని అల్ అంబియా సూరా హెచ్చరిస్తోంది.

మనం ఎక్కిన పడవ

ఓడ దగ్గరికి తిరిగి వద్దాం. నీరు మోస్తుంది గాని హద్దు లేకుండా మోయదు. ఓడ మొత్తం బరువు దాని శరీరం తోయగల నీటి బరువును దాటిన క్షణాన మునుగుతుంది. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో కొందరు యజమానులు పాత ఓడలకు భారీగా బీమా చేయించి, వాటిని సరుకుతో కుక్కి పంపేవారు. మునిగితే బీమా సొమ్ము, మునగకపోతే సరుకు లాభం. నావికుల ప్రాణాలు ఎవరి లెక్కలోనూ లేవు. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు ఏళ్ళ తరబడి పోరాడిన ఫలితంగా 1876లో చట్టం వచ్చింది. ఓడ పక్కన గుండ్రని గుర్తు, దాని మధ్యగా అడ్డగీత వేయాలి. సరుకు నింపినప్పుడు ఆ గీత నీటిలో మునగరాదు. నేటికీ ప్రపంచంలోని సరుకు ఓడలపై ఆ గుర్తు కనిపిస్తుంది. దాని పక్కనే మంచినీటికి వేరే గీత ఉంటుంది. ఉప్పునీరు బరువైనది, లీటరుకు సుమారు 1025 గ్రాములు. అందువల్ల అదే ఓడ సముద్రం నుంచి నదిలోకి వస్తే ఇంకొంచెం లోతుకు దిగుతుంది. ఫాతిర్ సూరాలో తీపినీరు, ఉప్పునీరు ఒకటి కావని చెప్పిన ఆయతులోనే నీటిని చీల్చుకుని పోయే ఓడల ప్రస్తావన కూడా ఉండటం మనం ఆగి ఆలోచించదగ్గ విషయం.

యూనుస్ (అలై) ఎక్కింది కూడా నిండిన ఓడేనని అస్సాఫ్ఫాత్ సూరా తెలుపుతోంది. అక్కడ చీట్లు వేయబడ్డాయి. బరువు తగ్గించడానికి ఒకరిని నీటిలోకి దించవలసి వచ్చిందని వ్యాఖ్యాతలు వివరించారు. ప్రవక్త ఎక్కినంత మాత్రాన నీటి నియమం సడలలేదు. మనం బిస్మిల్లాహ్ అని ఎక్కినంత మాత్రాన పరిమితికి మించి జనాన్ని ఎక్కించిన పడవ సురక్షితం అవుతుందా? బిస్మిల్లాహ్ అనడం నూహ్ (అలై) సున్నత్. అల్లాహ్ ఆజ్ఞ ప్రకారం పలక పలకను సరిగ్గా బిగించి ఓడ కట్టడం కూడా ఆయన సున్నతే.

2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ అనే ఓడ మునిగి 304 మంది మరణించారు. వారిలో అధికులు విహారయాత్రకు బయలుదేరిన బడి పిల్లలు. అనుమతించిన దానికి దాదాపు రెట్టింపు సరుకు ఎక్కించారని, ఓడను నిలకడగా ఉంచేందుకు అడుగున ఉండవలసిన నీటిని తగ్గించారని విచారణలో తేలింది. ఆ అడుగు నీరు ఉంటే ఓడ గీత దాకా దిగుతుంది, ఎక్కువ సరుకు సంగతి బయటపడుతుంది. అందువల్ల దాన్ని తీసేశారు. మర్వ్ కోశాధికారి త్రాసు విరిచినట్లే ఇదీ. 2006 ఫిబ్రవరిలో సౌదీలోని దుబా నుంచి ఈజిప్టుకు బయలుదేరిన అస్సలామ్ బొకాచియో ఓడలో మంటలు లేచాయి. ఆర్పడానికి పోసిన నీరు బయటకు పోయే దారిలేక ఓడలోనే నిలిచి, ఒక పక్కకు ఒరిగి ఓడ బోల్తాపడింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది పొట్టకూటికి గల్ఫ్ వెళ్ళిన కార్మికులు. గల్ఫ్‌లో మనవాళ్ళున్న ఇళ్ళకు ఆ దుఃఖం ఏమిటో చెప్పనవసరం లేదు. మన దగ్గర 2017 నవంబరు 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం సమీపాన, అనుమతి లేని పడవ బోల్తాపడి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

లైఫ్ జాకెట్ గురించి కూడా ఒక మాట. మనిషి శరీరం సాంద్రత నీటికి దాదాపు సమానం. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే తేలుతాం, ఊపిరి వదిలేస్తే కిందికి పోతాం. జాకెట్ బరువు చాలా తక్కువ, కాని అది తోసే నీరు ఎక్కువ. ఆ తేడాయే తలను నీటి పైన ఉంచుతుంది. వేడిగా ఉందనో, బుర్ఖా మీద బాగుండదనో మన స్త్రీలు దాన్ని పక్కన పెట్టడం సరికాదు. ప్రాణరక్షణ షరీఅత్ ఉద్దేశాలలో ఒకటి.

దైవప్రవక్త (సల్లం) చెప్పిన ఓడ దృష్టాంతం మనకందరికీ తెలుసు. నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించగా సహీహ్ బుఖారీలో నమోదైంది. కొందరు చీట్లు వేసుకుని ఓడలో పైఅంతస్తు, కింది అంతస్తు పంచుకున్నారు. కిందివారు నీళ్ళ కోసం పైకి వచ్చిపోతూ, ఎందుకీ ఇబ్బంది, మన వాటాలోనే ఒక రంధ్రం చేసుకుందాం అనుకున్నారు. పైవారు వారిని వదిలేస్తే అందరూ నశిస్తారు, చేతులు పట్టుకుని ఆపితే అందరూ బ్రతుకుతారు. చిత్రమేమంటే, కిందివారి ఉద్దేశం చెడ్డది కాదు. పైవారికి అసౌకర్యం కలగకూడదనే వారు అనుకున్నారు. అయినా నీటికి ఉద్దేశం తెలియదు. ఓడ తేలడంలో ఎవరి వాటా వారికి లేదు. ఓడ మొత్తం కలిసి నీటిని తోస్తేనే నీరు మొత్తం ఓడను మోస్తుంది. ఒక మూల రంధ్రం పడితే పైఅంతస్తులో తస్బీహ్ చేసుకుంటున్న వాడి కింద కూడా ఆధారం తగ్గుతుంది. మొహల్లాలో ఒక దుకాణదారు తూకంలో మోసం చేస్తున్నాడని తెలిసి కూడా “మన జోలికి రాలేదు కదా” అని సలాం చెప్పి సాగిపోయే వారు, తాము ఏ అంతస్తులో ఉన్నామో చూసుకోవాలి.

పాలు, నీళ్ళు

నీటి త్రాసు మన ఊళ్ళల్లో రోజూ పనిచేసే చోటు ఒకటుంది. అది పాలకేంద్రం. గాజు గొట్టంలా ఉండే లాక్టోమీటర్‌ను పాలలో వదులుతారు. లీటరు పాలు సుమారు 1030 గ్రాములు తూగుతాయి, నీటి కంటే కొంచెం బరువు. చిక్కటి పాలలో లాక్టోమీటర్ పైకి తేలుతుంది. నీళ్ళు కలిస్తే లోతుకు దిగుతుంది. ఓడ విషయంలో చెప్పుకున్న లెక్కే ఇక్కడా.

దీన్ని మోసగించే దారి కూడా ఉంది. వెన్న పాల కంటే తేలిక. ముందు మీగడ తీసేస్తే మిగిలిన పాలు బరువెక్కుతాయి. అప్పుడు నీళ్ళు కలిపితే లాక్టోమీటర్ మళ్ళీ సరైన గీత దగ్గరే నిలుస్తుంది! రెండు తప్పులు కలిసి ఒక సరైన అంకె చూపిస్తాయి. చక్కెర, యూరియా వంటివి కలిపి అంకెను నిలబెట్టే వారూ ఉన్నారు. ఆ పాలు తాగేది పసిపిల్లలు. అందుకే కేంద్రాలలో వెన్నశాతం వేరుగా పరీక్షిస్తారు.

మదీనా బజారులో ఒక ధాన్యపు కుప్ప దగ్గర దైవప్రవక్త (సల్లం) ఆగి, లోపలికి చెయ్యి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. వాన పడి తడిసిందని వ్యాపారి చెప్పుకున్నాడు. తడిసినది జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు, మోసగించేవాడితో తనకు సంబంధం లేదన్నారు. అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఏ సాధనమూ లేదు, చెయ్యే సాధనం.

ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో పాలలో నీళ్ళు కలపరాదని ఆజ్ఞ వెలువడింది. చరిత్ర గ్రంథాలు చెప్పే దాని ప్రకారం, ఒక రాత్రి ఆయన గస్తీ తిరుగుతూ ఒక ఇంటి గోడకు ఆనుకుని నిలబడ్డారు. లోపల తల్లి కూతురితో, లేచి పాలలో నీళ్ళు కలుపమంటోంది. ఖలీఫా వద్దన్నారు కదా అంది కూతురు. ఈ వేళప్పుడు ఉమర్ చూస్తున్నాడా అంది తల్లి. ఉమర్ చూడకపోవచ్చు, ఉమర్‌ను సృష్టించినవాడు చూస్తున్నాడని ఆ అమ్మాయి బదులిచ్చి, పాలు ముట్టుకోలేదు. అప్పటికి లాక్టోమీటర్ లేదు, పాలకేంద్రం లేదు. తెల్లవారి నీళ్ళు కలిపిన పాలు అమ్మినా పట్టుకునేవారు లేరు.

ఉమర్ (రజి) ఆ ఇంటిని గుర్తుపెట్టుకుని, మరుసటి రోజు ఆరా తీయించి, ఆ అమ్మాయిని తన కుమారుడు ఆసిమ్‌కు ఇచ్చి వివాహం చేశారు. వారికి ఒక కూతురు పుట్టింది. ఆ కూతురి కొడుకే ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్.